కార్బన్లు ఎవరు మార్చాలి?

హైదరాబాద్‌లోని ఆరాంఘర్ చౌరస్తా దగ్గర రెండు రకాల మరమ్మతు లోకాలు ఆనుకుని ఉన్నాయి. ఒకటి కాటేదాన్. ప్లాస్టిక్ అచ్చులు, నూనె మిల్లులు, లేతులు, వెల్డింగ్ షెడ్లు. అక్కడ ఒక మిషన్ ఆగితే పక్క షెడ్డులోంచి ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారు. హైవే మీద శంషాబాద్ వైపు పోతే రెండోది. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం, దాని పక్కన విమానాల మరమ్మతు హ్యాంగర్లు, 2025 నవంబరులో ప్రారంభమైన సఫ్రాన్ లీప్ ఇంజన్ల కేంద్రం. అక్కడ సంతకం లేకుండా ఒక నట్టు కూడా తిరగదు.

మన ఇళ్లలో అటక మీదో అల్మారాలోనో ఉండే చేతి గ్రైండర్‌ను, డ్రిల్ మిషన్‌ను ఏ లోకం పద్ధతిలో చూసుకోవాలి? ఈ ప్రశ్న మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. మామ కాటేదాన్ షెడ్లలో ఫిట్టర్‌గా బతికినవాడు. అల్లుడు, అంటే ఆయన అక్క కొడుకు, హ్యాంగర్‌లో టెక్నీషియన్. బల్ల మీద నాలుగు అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది. పక్కన చెక్కడాలకు, సానలకు వాడే పెన్ను ఆకారపు చిన్న రోటరీ టూల్. గ్రైండర్ నొక్కితే ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు.

మామ: ముందుగాల ప్లగ్గు పీకు. స్విచ్చు బంద్ చేస్తే సరిపోదు. ప్లగ్గు నా కండ్ల ముందల బల్ల మీద ఉండాలె. ఇగ స్క్రూడ్రైవర్ ఇయ్యి.

అల్లుడు: స్క్రూడ్రైవర్ దాకా ఎందుకు మామా? మా హ్యాంగర్‌లో పనిముట్టు మీద అనుమానం వస్తే చాలు, ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెట్టేస్తాం. ఎవరికి తోచినట్టు వాళ్లు విప్పరు. బాగుచేసే అధికారం ఉన్నవాళ్ల దగ్గరికే పోతుంది. ఇంట్లో కూడా అదే పద్ధతి ఉండాలి. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చెయ్.

మామ: మీ తాన ట్యాగ్ కట్టినంక తీస్కపోయే మనిషి ఉన్నడు. బదులు ఇంకోటి ఇచ్చే స్టోర్ ఉన్నది. ఇంట్ల ఎవరున్నరు? ఇక్కడ ట్యాగ్ కడితే అది అటక మీదికి పోతది, ఆడికెల్లి కబాడికి పోతది. అది నిజంగ సచ్చిందా, ఉత్త కార్బన్లు అరిగినయా అని ఎవ్వరు చూడరు.

అల్లుడు: కార్బన్లే అని విప్పకముందే ఎట్లా చెప్తున్నావు?

మామ: చెప్తలేను, చూపిస్త. గిట్ల ఆగి ఆగి తిరిగే మిషన్‌ల అనుమానం మూడు కాడ. వైరు లోపలికి దూరే జాగ, స్విచ్చు, కార్బన్లు. మీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి ప్లగ్గు పిన్నులకు ఆనిచ్చిన. స్విచ్చు నొక్కి పట్టుకో. కొన్ని ఓమ్‌లు చూపిస్తున్నదా? ఇప్పుడు వైరును మెడ కాడ అటు ఇటు వంచుతున్న. అంకె కదలలే. వైరు మంచిగనే ఉన్నది. స్విచ్చును రెండు మూడు సార్లు వదిలి నొక్కు. అదీ మంచిగనే ఉన్నది. ఇగ ముందల స్పిండిల్ పట్టుకొని మెల్లగ తిప్పుత. అగో, తెగింది. జర తిప్పితే మళ్ల వచ్చింది. కమ్యూటేటర్ మీద కార్బన్ ఆనుతలేదు.

అల్లుడు: ఆ చిన్న టూల్‌కు ఇదే పరీక్ష పెడితే ఏమవుతుంది? దానికి స్పీడ్ రెగ్యులేటర్ ఉంది. మీటర్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీకి ఆ బోర్డు తెరుచుకోదు. బాగున్న మిషన్ కూడా చచ్చినట్టే చూపిస్తుంది. సగం తెలిసినవాడు అక్కడే పొరపాటు పడతాడు.

మామ: అందుకే దాన్ని గిట్ల చూడ. దానికైతే కార్బన్లు బయటికి తీసి కంటితోనే చూస్త. పక్కకు రెండు మూతలున్నయి, పైస బిళ్ల పెట్టి తిప్పినా వస్తయి. దాన్ని కంపెనోడే అట్ల చేసి ఇచ్చిండు. ఇంటి మనిషి తియ్యొద్దనుకుంటే మూత బయటికి ఎందుకు పెడ్తడు?

మామ అన్నమాట నిజం. ఈ మిషన్ల గుండె యూనివర్సల్ మోటార్. తిరిగే భాగానికి, అంటే ఆర్మేచర్‌కు కరెంటు అందేది రెండు కార్బన్ ముక్కల రాపిడి ద్వారా. ఆ రాపిడిలో అరిగేది మెత్తగా ఉన్న కార్బన్ కావాలి, రాగి కమ్యూటేటర్ కాకూడదు. అంటే కార్బన్ చెడిపోవడం లేదు, తన పని తాను చేసి కరిగిపోతోంది. 1932లో అమెరికాలోని రసీన్ అనే ఊళ్లో ఆల్బర్ట్ డ్రెమెల్ మొదలుపెట్టిన కంపెనీ తన చిన్న టూళ్ల పుస్తకంలో, కార్బన్ 3 మిల్లీమీటర్ల కన్నా పొట్టిదైతే మార్చుకోమని వాడేవాళ్లకే చెబుతుంది. కొన్ని గ్రైండర్లలో ఇంకో ఏర్పాటు ఉంటుంది. కార్బన్ లోపల స్ప్రింగు మీద కరెంటు పారని చిన్న మేకు దాక్కుని ఉంటుంది. హద్దు దాకా అరిగాక అది బయటికి పొడుచుకువచ్చి కార్బన్‌ను కమ్యూటేటర్ మీంచి లేపేస్తుంది. మిషన్ టక్కున ఆగిపోతుంది. కమ్యూటేటర్‌ను కాపాడుకోవడానికి అది తనంతట తాను ఆగింది. ఇంట్లోవాళ్లు మాత్రం కాలిపోయిందనుకుంటారు. ఎన్ని మంచి మిషన్లు ఈ ఒక్క అపార్థం వల్ల తూకానికి పోతున్నాయో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అల్లుడు: సరే, కార్బన్ల వరకు ఒప్పుకుంటా. కానీ నువ్వు అక్కడ ఆగవు కదా. కార్బన్ తీసినవాడు మూత తీస్తాడు, మూత తీసినవాడు గేర్ డబ్బా విప్పుతాడు. ఏది ఎక్కడ తీశాడో, ఏది మిగిలిపోయిందో రాసుకోడు. క్వాంటాస్ వాళ్ల ఏ380 సంగతి విన్నావా? ఇంజన్ తిప్పడానికి వాడే నైలాన్ పనిముట్టు, మీటరు కన్నా పొడవుంటుంది, లాస్ ఏంజిలిస్‌లో ఇంజన్ లోపలే మర్చిపోయారు. విమానం దాంతోనే 34 సార్లు ఎగిరింది, దగ్గర దగ్గర 300 గంటలు. 2024 జనవరి 1న దొరికింది. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ విచారణ చేసి రిపోర్టు ఇచ్చింది. లెక్క తప్పితే అట్లా ఉంటుంది.

మామ: ఆ విమానానికి కాయితాలు లేవా? సంతకాలు లేవా?

అల్లుడు: ఉన్నాయి. పనిముట్టు కనిపించకపోతే చేయాల్సిన వెతుకులాట పూర్తిగా చేయకుండానే విమానాన్ని వదిలారు.

మామ: మరి గంత పెద్ద కట్టడిల కూడ కాయితం చూడలే, కన్నే చూడాలె. నేను స్క్రూలు ఎట్ల పెడ్తనో చూడు. ఈ అట్ట మీద మిషన్ బొమ్మ గీసిన. ఏ తొర్రల స్క్రూ ఆ తొర్ర కాడనే గుచ్చుత. ఒకటి పొడుగు, మూడు పొట్టి. పొడుగుది పొట్టి జాగల పెడితే లోపల కాయిల్‌కు తాకుతది. ఇది నాకు ఏ పుస్తకం చెప్పలే.

అల్లుడు: ఆ అట్టే మా దగ్గర ఫారం. నువ్వు మా పద్ధతే చేస్తున్నావు, పేరు ఒప్పుకోవడం లేదంతే. సరే, అసలు మాటకు వస్తా. ఈ మిషన్ మీద గుర్తు చూడు. చతురస్రంలో చతురస్రం. డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. దీనికి ఎర్త్ వైరు లేదు, ప్లగ్గుకు రెండే పిన్నులు. లోపల ఏది తెగి ఎక్కడ తగిలినా పట్టుకున్నవాడికి షాక్ రాకుండా ప్లాస్టిక్ గోడలు రెండు వరసల్లో కాపాడుతున్నాయి. నువ్వు విప్పి బిగించేటప్పుడు ఒక వైరు రెండు పెంకుల మధ్య నలిగిందనుకో. ఆ రోజు మిషన్ బాగానే తిరుగుతుంది. అందరూ మెచ్చుకుంటారు. నెల తర్వాత అత్త దానితో కిటికీ ఊచ కోస్తుంటే కొడుతుంది. సర్వీస్ సెంటర్‌లో బిగించాక, ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూస్తారు. నీ దగ్గర ఉందా?

మామ: ఇంట్ల లేదు. వైండింగ్ షాపుల ఉంటది. పెంకు విప్పిన ప్రతిసారి ఆడికి తీస్కపోయి చూపించుకుంట.

అల్లుడు: నువ్వు తీసుకుపోతావు. ఇది చదివి రేపు గ్రైండర్ విప్పేవాళ్లలో ఎంతమంది తీసుకుపోతారు?

ఈ చోట అల్లుడి మాట చాలా బలమైనది. ఇంటి మరమ్మతు గురించి ఉత్సాహంగా రాసేవాళ్లు దీన్ని దాటేసి పోతుంటారు. ‘తిరిగింది కాబట్టి బాగైంది’ అనేది మిక్సీకైనా, గ్రైండర్‌కైనా సరిపోని పరీక్ష. కానీ మామ దగ్గర దీనికి ఎదురు జవాబు ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

మామ: అల్లుడా, నువ్వు చెప్పింది విప్పినోని తప్పు. విప్పనోని తప్పు కూడ ఒకటున్నది. ఇటు రా, ఈ గాలి కన్నాలల్ల చూడు. లోపల ఫ్యాన్ ఉన్నది. అది గాలి గుంజుకొని మోటార్‌ను సల్లగ ఉంచుతది. ఎదురుంగ నువ్వు ఇనుము కోస్తున్నవ్. ఆ ఇనుప పొడి యాడికి పోతది? గాలితోని లోపలికే. కాయిల్ మీద, స్విచ్చు మీద, కార్బన్ల పొడితోని కలిసి నల్లగ పేరుకపోతది. ఇనుప పొడిలకెల్లి కరెంటు పారుతదా లేదా?

అల్లుడు: పారుతుంది.

మామ: మరి నీ రెండు గోడల మధ్యల ఆ పొడి వంతెన కడితే? ఎవ్వరు విప్పలే, స్క్రూ కూడ ముట్టలే, సీలు గట్లనే ఉన్నది. అయినా కొడ్తది. మూసి పెట్టుడు కూడ ఒక పనే. అది మంచిగ చేస్తున్ననా, చెడుగ చేస్తున్ననా అన్నది చూసుకోవాలె కద.

అల్లుడు: అందుకే నెలకోసారి గాలి కొట్టమంటారు. కన్నాల్లోంచి, కళ్లద్దాలు పెట్టుకుని, మిషన్ విప్పకుండానే. అది శుభ్రం చేయడం, మరమ్మతు కాదు.

మామ: ఎట్ల కొడ్తవ్? సైకిల్ షాపుల గాలి పైపు ఆనిచ్చి ముక్కు కాడికెల్లి కొడితే పొడి ఇంక లోపలికి పోయి కూసుంటది. గాలి ఏ కన్నంలకెల్లి బయటికి వస్తదో, ఆ కన్నంలకెల్లి ఉల్టా కొట్టాలె. ఒత్తిడి తక్కువ పెట్టాలె. గిది కూడ ఎవరో ఒకరు చూపిస్తేనే వస్తది. ఇంకొకటి, నూనె. మిషన్ గరగర అంటే చాలు, కన్నాలల్ల కుట్టుమిషన్ నూనె పోస్తరు. ఆ నూనె బేరింగ్‌కు చేరదు. కమ్యూటేటర్ మీద పడి, కార్బన్ పొడితోని కలిసి కాటుక లెక్క అయితది. ఇగ నిప్పులే నిప్పులు. నూనె పోసినోడు స్క్రూ ఇప్పలే గద, మరి ఆయన జాగ్రత్తపరుడా?

నిప్పుల గురించి ఒక మాట. కార్బన్ కింద సన్నగా నీలం రంగులో మెరిసే నిప్పురవ్వలు మామూలే. అవి చూసి భయపడి మిషన్ పారేసినవాళ్లు ఉన్నారు. భయపడాల్సింది కమ్యూటేటర్ చుట్టూ గుండ్రంగా, నారింజ రంగులో పరుగెత్తే మంటకు. కొత్త కార్బన్లు వేసి, కమ్యూటేటర్ మీది మురికిని సన్నని గాజు కాగితంతో తుడిచినా ఆ మంట తగ్గకపోతే ఆర్మేచర్ చుట్టలో ఎక్కడో షార్ట్ అయిందని అనుకోవాలి. ఎమెరీ కాగితం మాత్రం వద్దు. దాని రేణువులు రాగి పలకల మధ్య సందుల్లో ఇరుక్కుంటే కొత్త తంటా. చేత్తో స్పిండిల్ తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలితే బేరింగ్ పోయింది. ముందుభాగం వేడెక్కితే గేర్ల దగ్గర గ్రీజు చూడాలి. నడుము వేడెక్కితే గాలి కన్నాలు మూసుకుపోయాయనో, మనం దాని శక్తికి మించి ఒత్తుతున్నామనో అర్థం.

అల్లుడు: అయితే హద్దు ఎక్కడ మామా? నేను ఒకటి చెప్తా. పని తప్పుగా చేస్తే ఏమవుతుందో ముందు అడుగు. మిషన్ ఆగిపోతుందంటే ఇంట్లో చేసుకో. మిషన్ ఆగకుండా మనిషికి తగులుతుందంటే ముట్టుకోకు. కార్బన్ తప్పు పెడితే తిరగదు, లేదా మంట కనిపిస్తుంది. తప్పు తనంతట తాను బయటపడుతుంది. వైరు తప్పు బిగిస్తే కనిపించదు. కాబట్టి కార్బన్లు, గాలి, గ్రీజు ఇంటివి. వైరు, స్విచ్చు, పెంకు విప్పే పని బయటివి.

మామ: మాట మంచిగున్నది. కని వైరు సంగతి ఒప్పుకోను. గ్రైండర్‌ల ఎక్కువ తెగేది వైరే, మెడ కాడ. దానికి సర్వీస్ సెంటర్ అంటే ఏమైతదో తెల్సా? టేపు చుడ్తరు. తెగిన కాడ కోసి, మెలితిప్పి, నల్ల టేపు చుట్టి వాడుతరు. రాణిగంజ్‌ల రబ్బరు వైరు మీటరు లెక్కన అమ్ముతరు. తెచ్చి మొత్తం వైరు మార్చి, లోపలి బిగింపు పట్టీ గట్టిగ పెడితే, ఆ టేపు కన్న వెయ్యి పాళ్లు నయం. నువ్వు వద్దంటే మనిషి మంచి పని దిక్కు పోడు, టేపు దిక్కు పోతడు.

అల్లుడు: టేపూ వద్దు, ఇదీ వద్దు అంటున్నా.

మామ: నువ్వు అంటవ్. పొద్దుగూకినంక గేటు ఊడిపోతే ఏం చేస్తరు?

ఇక్కడ ఇద్దరూ పట్టు విడవలేదు, విడవాలని నేనూ అనుకోను. నా మొగ్గు మాత్రం మామ వైపే, ఒక షరతు మీద. ఇంటి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కితే అది పడాలి. అది లేని ఇంట్లో వైరు మార్చే ముందు ఆ బోర్డు సంగతి చూసుకోవడమే మొదటి మరమ్మతు.

అల్లుడు: సరే, వైరు వదిలేద్దాం. దీని గార్డు ఏది?

మామ: తీసి పెట్టిన. మూలల కోసేటప్పుడు అడ్డం వస్తది.

అల్లుడు: మామా, ఈ స్పిండిల్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందని దీని మీదే రాసి ఉంది. నాలుగు అంగుళాల బిళ్ల అంచు సెకనుకు 57 మీటర్లు పోతుంది. అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. శంషాబాద్ రన్‌వే మీద విమానం ఇంకాసేపట్లో ముక్కు లేపుతుందనగా ఉండే వేగం. ఆ వేగంలో బిళ్ల పగిలితే ముక్క ఎటు పోవాలో నిర్ణయించేది గార్డు ఒక్కటే. గార్డు తీసినవాళ్లు తర్వాత ఏడు అంగుళాల బిళ్ల పెడతారు, ఎందుకంటే అడ్డం లేదు కదా. అప్పుడు అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. బిళ్ల మీద రాసి ఉండేది 80. ఇంకొందరు చెక్క కోసే పళ్ల బిళ్ల బిగిస్తారు. అది చెక్కలో ఇరుక్కుంటే మిషనే చేతిలోంచి ఎగిరి మెడ మీదికి వస్తుంది.

మామ: నేను పళ్ల బిళ్ల ఎన్నడు పెట్టలే.

అల్లుడు: గార్డు తీశావు. నీ షెడ్డులో నీ పక్కన పది మంది పనివాళ్లు ఉండేవాళ్లు, ఏమైనా అయితే ఎత్తుకుపోయేవాళ్లు. ఇక్కడ నువ్వు ఒక్కడివే. బిళ్ల మధ్యలో ఇనుప రింగు మీద గడువు కూడా ఉంటుంది, నెల, ఏడాది. ఆ బిళ్లను పట్టి ఉంచేది రెసిన్. తేమకు, కాలానికి అది బలహీనపడుతుంది. ఈ డబ్బాలో ఉన్నవాటిలో సగం గడువు దాటినవే. పారేస్తున్నా.

మామ: నిండు బిళ్లలు, ఒక్కపారి కూడ వాడలే... సరే, పారెయ్యి. గార్డు ఆ సంచిల ఉన్నది, ఇటియ్యి. బిగిస్త.

ఈ విషయంలో వాదన లేదు. ఇంటి మరమ్మతుకు నేను ఎంత మొగ్గినా, గార్డు తీసే హక్కు దానిలో భాగం కాదు.

అల్లుడు: ఇక ఆర్మేచరే కాలి ఉంటే ఏం చేసేవాడివి?

మామ: వైండింగ్ షాపుల గ్రౌలర్ మీద పెట్టి, పైన హెక్సా బ్లేడు ఆనిచ్చి తిప్పుతరు. షార్టున్న కాడ బ్లేడు గిర్రుమని వణుకుతది. పెద్ద మోటారైతే మళ్ల చుట్టిపిస్తం. గింత చిన్నదానికి చుట్టియ్యను. ఇది లోపల నిమిషానికి ముప్పై వేలు తిరుగుతది, గేర్ల వల్ల బయటికి తగ్గి కనిపిస్తది. చుట్టినంక బ్యాలెన్స్ లేకపోతే బేరింగులు తినేస్తది. కొత్త ఆర్మేచర్ కొంట. దాని నంబరు కంపెనీ బొమ్మలల్ల ఉంటది, ఏ ముక్కకు ఏ నంబరు అని విడివిడిగ వేసి పెడ్తరు.

అల్లుడు: పేరున్న కంపెనీలు పెడతాయి. చౌక మిషన్‌కు ఆ బొమ్మా ఉండదు, ముక్కా దొరకదు. కొత్త బ్రష్‌లెస్ బ్యాటరీ టూళ్లకు కార్బన్లే లేవు. బోర్డు పోతే మొత్తం పోయినట్టే. నీ విద్యకు కాలం అయిపోతోంది మామా.

మామ: విద్యకా, హక్కుకా? ముక్క దొరకకపోతే అది నా చేతగానితనమా?

ఇది చిన్న ప్రశ్న కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, దానికి ఒక పోర్టల్ తెరిచింది. ముందుగా ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్-ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు. చేతి పనిముట్లకు వేరే వరస లేదు. మరోవైపు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో డ్రిల్లులు, రంపాలు లాంటి కరెంటు పనిముట్లు ఉన్నాయి. అంటే పారేశాక ఎక్కడికి పోవాలో చట్టం చెబుతోంది. పారేయకుండా ఉండటానికి ముక్క ఎక్కడ దొరకాలో ఇంకా చెప్పడం లేదు.

మామ: పారేసింది యాడికి పోతదో సూడు. ఈ మట్టి సంగతి నీకు తెల్వదా? భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు కాటేదాన్ మట్టి తీస్కపోయి చూసి 2008ల పేపర్ రాసిండ్రు. సీసం, క్రోమియం, జింకు, ఆర్సెనిక్ ఎక్కువ ఉన్నయని.

అల్లుడు: అది ఫ్యాక్టరీల వల్ల. నీ గ్రైండర్ వల్ల కాదు.

మామ: నా గ్రైండర్ వల్ల అంటలే. కని ఆర్మేచర్ల రాగి ఉన్నది. కబాడికి పోయినంక రాగి కోసం కాయిల్ కాలబెడ్తరు, వార్నిష్ పొగ లేస్తది. ఆ పొగ పీల్చేటోళ్లు యాడుంటరు? ఈ గల్లీలల్లనే. ఒక్క జత కార్బన్లతోని నడిచే మిషన్‌ను ఆ మంటల ఎందుకు పడెయ్యాలె?

అల్లుడు: పడెయ్యమనడం లేదు. రాసుకోమంటున్నా. కార్బన్లు ఎప్పుడు మార్చావు, గాలి ఎప్పుడు కొట్టావు, మెగ్గర్ ఎప్పుడు చూపించావు. డబ్బా మూతకు లోపల ఒక కాగితం అంటించు. నీ తర్వాత దీన్ని పట్టుకునేవాళ్లకు నీ చెవి ఉండదు. మిషన్ చప్పుడు విని వాళ్లు కనిపెట్టలేరు.

మామ: అంటిస్త. నువ్వు పెన్ను తీయి. రెండు కార్బన్లూ ఒక్కపారే మార్చాలని పైన రాయి, ఒక్కటే మార్చి ఒక్కటి ఉంచుతరు. కొత్తవి పెట్టినంక జరసేపు ఏ పని చెప్పకుండ ఉత్తగనే తిప్పాలని రాయి. కార్బన్ మొఖం కమ్యూటేటర్ గుండ్రానికి సరిగ్గ కూసోవాలె. స్పిండిల్ లాక్ బటన్ తిరుగుతుండంగ నొక్కొద్దని రాయి.

అల్లుడు: వైరు మార్చడం గురించి ఏం రాయాలి?

మామ: మొత్తం వైరు మార్చాలె, టేపు వద్దు అని రాయి.

అల్లుడు: ‘మార్చాక మెగ్గర్ చూపించకుండా వాడొద్దు’ అని కూడా రాస్తున్నా.

మామ: రాయి. దాని పక్కకు వైండింగ్ షాపు యాడున్నదో కూడ రాయి, లేకపోతే ఆ మాట ఎవ్వనికి అక్కరకు రాదు.